జబ్బు లేని పిల్లల లెక్క

2006 శరత్కాలంలో నార్వే రాజధాని ఓస్లో పరిసరాల్లోని 29 డే కేర్ కేంద్రాల్లో వైద్య పరిశోధకులు ఒక సర్వే చేశారు. సన్నటి పుల్లకి చుట్టిన దూదితో పిల్లల ముక్కు లోపలి తడిని తీసి ప్రయోగశాలకి పంపారు. వెతికింది న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా కోసం. నలుగురు పిల్లల్లో ముగ్గురికి పైగా దాన్ని మోస్తున్నారని తేలింది. వాళ్ళెవరూ ఆస్పత్రికి వచ్చిన పిల్లలు కారు. బొమ్మలతో ఆడుకుంటూ, మంచులో దొర్లుతూ, మధ్యాహ్నం వరసగా పడుకుని నిద్రపోయే మామూలు పిల్లలు.

గణాంకశాస్త్రం పాఠాలు చెప్పే నాకు ఈ సర్వే ఒక పరిశోధన పత్రం ద్వారా పరిచయమైంది. ఎమ్మెస్సీ విద్యార్థులకి అంటువ్యాధుల లెక్కలు చెప్పాలనుకుని ఆ పత్రాన్ని ఎంచుకున్నాను. అందులోని గణితం చాలా బాగుంటుంది. కానీ నా మనసులో నిలిచిపోయింది గణితం కాదు. ఏ లెక్కా మొదలుపెట్టకముందే ఒక విద్యార్థిని లేచి అడిగిన ప్రశ్న.

“మేడమ్, జ్వరంతో ఉన్న పిల్లల్ని వదిలేసి, హాయిగా ఆడుకుంటున్న పిల్లల ముక్కుల్లో ఎందుకు వెతికారు?”

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి నేను నేర్చుకుంటూ పోయిన జవాబు.

న్యుమోకాకస్ సంగతి ముందు చెప్పాలి. పసిపిల్లల్లో న్యుమోనియా, మెదడు పొరల వాపు, రక్తంలో విషం, చెవిలో చీము ఇవన్నీ అది తెచ్చిపెట్టగలదు. ఇంత ప్రమాదకరమైనది తన జీవితంలో ఎక్కువ కాలం ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా పిల్లల ముక్కు వెనక గడుపుతుంది. అదే దాని ఇల్లు. కొన్ని వారాలో, ఒకటి రెండు నెలలో అక్కడ ఉంటుంది, చీమిడి చేతుల ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా ఇంకో పిల్లకి చేరుతుంది, మొదటి పిల్ల నుంచి వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకి ఇంకో రకం వచ్చి చేరుతుంది. పైపొరని బట్టి విడదీస్తే వందకి పైగా రకాలున్నాయి దీనికి. ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకో రక్తంలోకో దారి తప్పి పోయినప్పుడే జబ్బు. అలా పోవడం దానికీ లాభం కాదు, ఎందుకంటే అక్కడి నుంచి ఇంకొకరికి అంటుకోలేదు. అంటే దాని వ్యాప్తి దాదాపు అంతా జబ్బు లేని పిల్లల్లోనే జరుగుతుంది. మందులకి లొంగని గుణం పుట్టినా, పెరిగినా, తగ్గినా అదంతా అక్కడే. ఆస్పత్రి మంచం మీద మనకి కనిపించేది అప్పటికే జరిగిపోయిన కథలో చివరి పేజీ.

మా విద్యార్థిని ప్రశ్నకి సగం జవాబు ఇదే. మిగతా సగం లెక్కలో ఉంది.

ఓస్లో సర్వేలో ఒక పెద్ద చిక్కుంది. ఒక్కో కేంద్రాన్నీ ఒక్కసారే చూశారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో, ఎన్నాళ్ళుందో చూసినవాళ్ళు లేరు. ఊళ్ళో ఒక సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, ఏ వంటింట్లో ఏ ఇంటి గిన్నెలున్నాయో మాత్రం రాసుకుని, ఆ ఊళ్ళో ఇచ్చిపుచ్చుకోవడాలు ఎంత జోరుగా సాగుతాయో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. చెప్పలేమనిపిస్తుంది. కానీ కొంత చెప్పొచ్చు. ఒకే ఇంటి గిన్నెలు ఒక వీధిలోనే గుంపుగా కనిపించి, పక్క వీధిలో ఒక్కటీ లేకపోతే, ఆ వీధివాళ్ళు తమలో తాము ఎక్కువగా ఇచ్చిపుచ్చుకుంటున్నారని అర్థం. అన్ని వీధుల్లోనూ అన్ని ఇళ్ళ గిన్నెలూ సమానంగా ఉంటే రాకపోకలు ఊరంతటా ఉన్నట్టు.

హెల్సింకీ విశ్వవిద్యాలయంలో ఎలీనా నుమ్మినెన్, యుక్కా కొరాండర్, వారి సహచరులు 2013లో ఈ ఆలోచనకే గణిత రూపం ఇచ్చారు. వాళ్ళ మోడల్లో తెలుసుకోవలసిన సంఖ్యలు మూడే మూడు. కేంద్రం లోపల పిల్లల నుంచి పిల్లలకి ఎంత వేగంగా అంటుతుంది అన్నది ఒకటి. బయటి సమాజం నుంచి, అంటే ఇంట్లో అన్నయ్య నుంచో, బస్సులో పక్క మనిషి నుంచో ఎంత వేగంగా వస్తుంది అన్నది రెండు. ముక్కులో ఇప్పటికే ఒక రకం ఉన్న పిల్లకి రెండోది అంటడం ఎంత కష్టం అన్నది మూడు. ఒక రకం సగటున ఒక నెల ఉంటుందని ముందే తీసుకున్నారు, ఎందుకంటే ఒక్కసారి చూసిన దాంట్లోంచి కాలాన్ని రాబట్టడం కుదరదు.

మూడు సంఖ్యలే అయినా, వాటికి సూత్రం రాసి సమాధానం తేల్చడం సాధ్యం కాదు. యాభై మంది పిల్లలు, ముప్పై పైచిలుకు రకాలు, ఒక్కొక్కరిలో ఏవి ఉన్నాయి ఏవి లేవు అన్న కలయికలు లెక్కకి అందవు. అందుకని వాళ్ళు ఇంకో దారి పట్టారు. కంప్యూటర్లో కల్పిత డే కేర్ కేంద్రాలు కట్టారు. ఆ మూడు సంఖ్యలకీ ఏవో విలువలిచ్చి, కల్పిత పిల్లల మధ్య బ్యాక్టీరియాని వదిలి, కొంతకాలం నడిపించి, చివర్లో ఓస్లోలో చేసినట్టే ఒక్కసారి ముక్కులు చూశారు. నిజం పిల్లల లెక్కతో పోల్చడానికి నాలుగు కొలతలు పెట్టుకున్నారు. ఎంతమందిలో బ్యాక్టీరియా ఉంది, ఎంతమందిలో ఒకటి కన్నా ఎక్కువ రకాలున్నాయి, కేంద్రంలో మొత్తం ఎన్ని రకాలున్నాయి, ఆ రకాలు ఎంత సమంగా పంచుకుని ఉన్నాయి. కల్పిత కేంద్రం నిజం కేంద్రంలా కనిపిస్తే ఆ విలువలు ఉంచుకోవడం, కనిపించకపోతే పారెయ్యడం. మళ్ళీ కొత్త విలువలు, మళ్ళీ కొత్త పిల్లలు.

ఇది నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి. ‘నా దగ్గర సూత్రం లేదు, కానీ లోకం ఇలా నడుస్తుందేమో అని నడిపించి చూడగలను’ అనడంలో ఒక నిజాయితీ ఉంది. దీని ఖర్చు మాత్రం చిన్నది కాదు. రెండు వందల ప్రాసెసర్ల కంప్యూటర్ సముదాయం మీద నాలుగున్నర రోజులు పట్టింది. 2016లో అదే విశ్వవిద్యాలయం నుంచి మైకేల్ గుట్‌మన్, కొరాండర్ కలిసి ఆ వెతుకులాటని మార్చారు. గుడ్డిగా లక్షల కేంద్రాలు కట్టకుండా, ఇప్పటిదాకా కట్టినవాటి తేడాలు చూసి, తరవాత ఏ విలువలు ప్రయత్నిస్తే ఎక్కువ తెలుస్తుందో యంత్రమే ఎంచుకునేలా చేశారు. దాంతో అదే పని మామూలు డెస్క్‌టాప్ మీద గంటన్నర సుమారులో ముగిసింది. మా కాలేజీ లాంటి చోట్ల చదువుకునే పిల్లలకి ఈ తేడా ఎంత పెద్దదో నేను వేరే చెప్పక్కర్లేదు. సూపర్ కంప్యూటర్ లేని ఊళ్ళో కూడా ఈ ప్రశ్న అడగొచ్చు ఇక.

జవాబులు చూద్దాం. లోపలి వ్యాప్తి వేగం సుమారు 3.6. బయటి నుంచి వచ్చేది 0.6. మూడో సంఖ్య 0.1.

3.6, 0.6 పక్కపక్కన పెట్టి చూడండి. ఆరు రెట్లు. పిల్ల ముక్కులోకి వచ్చే బ్యాక్టీరియాకి ఊరంతటి కన్నా ఆ ఒక్క గదే ఎక్కువ కారణం. ఒక కేంద్రంలో ఒక రకం గుంపుగా ఉండి, రెండు వీధుల అవతలి కేంద్రంలో అది అసలు లేకపోవడానికి కారణం ఇదే. డే కేర్ గది బ్యాక్టీరియా దృష్టిలో ఒక చిన్న రాజ్యం. జాతీయ సగటుల వల్ల దాని గురించి తెలిసేది తక్కువ.

మూడో సంఖ్య నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది. 0.1 అంటే, ముక్కులో ఒక రకం ఉన్నంత కాలం ఇంకొకటి వచ్చి చేరే అవకాశం పదో వంతుకి పడిపోతుందని. ముందున్నది కొత్తదాన్ని రానివ్వదు. డెన్మార్క్ డే కేర్ పిల్లల్ని నెలల తరబడి వెంట ఉండి చూసిన కారి ఔరానెన్ బృందం కూడా 2010లో ఈ పోటీనే చూపించింది. ఇప్పుడు ఈ లెక్కలోకి యాంటీబయాటిక్‌ని తీసుకురండి. ఓస్లో మోడల్లో మందు లేదు, నార్వేలో మందుకి లొంగని రకాలు తక్కువ కూడా. కానీ 0.1 అన్న సంఖ్య తెలిశాక, మందు వేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లకి ఏ కారణం చేతనో మందు వేశారు. ముక్కులో ఉన్న, మందుకి లొంగే రకం చచ్చిపోయింది. కొత్తవాటికి అడ్డం పడుతున్నది పోయింది. మందు ఒంట్లో ఉన్నన్ని రోజులూ ఆ ఖాళీలోకి వచ్చి నిలవగలిగేది మందుకి లొంగని రకం ఒక్కటే. అది వచ్చి స్థిరపడ్డాక, తరవాత వచ్చే లొంగే రకాలకి పదింట తొమ్మిది వంతులు దారి మూసుకుపోతుంది. ఆ పిల్ల హాయిగా ఉంటుంది. రోజూ డే కేర్‌కి వెళ్తుంది. అక్కడ లోపలి వేగం 3.6.

“ఏ కారణం చేతనో” అని ఊరికే అనలేదు. 2018లో హార్వర్డ్‌కి చెందిన క్రిస్టీన్ టెడిజాంటో, మార్క్ లిప్‌సిచ్ తదితరులు అమెరికాలో ఆస్పత్రిలో చేరకుండా బయట రాసిచ్చిన యాంటీబయాటిక్స్‌ని పరిశీలించారు. తొమ్మిది బ్యాక్టీరియాలని తీసుకుంటే, ఎనిమిదింటి విషయంలో అవి మందుకి గురైన సందర్భాల్లో 80 శాతానికి పైగా వాటి కోసం వేసిన మందు కాదు. వేరే జబ్బు కోసం వేసిన మందు దారిలో ఉన్న వాటికీ తగిలింది. పక్కనున్నవాటికి తగిలే ఈ దెబ్బే మందులకి లొంగని రకాలని ఎక్కువగా ఎంచి పెడుతోంది.

మా అపార్ట్‌మెంట్లో కింది అంతస్తులో ఉండే అమ్మాయికి రెండేళ్ళ బాబు. ఉద్యోగం చేస్తుంది, బాబు డే కేర్‌లో ఉంటాడు. ఒకసారి మాటల్లో అంది.

“వీడికి జలుబు చేసినప్పుడల్లా పోయినసారి డాక్టరు రాసిన సిరప్పే మెడికల్ షాపులో తెచ్చి పోస్తున్నానాంటీ. ముక్కు కారుతుంటే డే కేర్ వాళ్ళు రానివ్వరు. నాకు సెలవుల్లేవు.”

“జలుబు వైరస్‌తో వస్తుందమ్మా. ఆ సిరప్ దాన్నేమీ చెయ్యదు. నాలుగు రోజుల్లో అదే తగ్గిపోతుంది.”

“తగ్గుతోంది కదా అని పోస్తున్నాను. దోషం ఏముంది?”

ముక్కులో ఉండేవాటి సంగతీ, ఖాళీ అయిన చోటుకి వచ్చేవాటి సంగతీ చెప్పాను. చాలాసేపు విని, “అయితే మావాడికి పోసింది ఆ గదిలో పిల్లలందరికీ కొంచెం కొంచెం పోసినట్టే” అంది.

తన తప్పేమీ లేదు. సెలవు ఇవ్వని ఉద్యోగం, ముక్కు కారితే తలుపు వేసే కేంద్రం, చీటీ లేకుండా మందు అమ్మే షాపు, ఇవన్నీ కలిసి ఒక తల్లిని ఎటు తోస్తాయో అటే నడిచింది. కానీ ఆమె అన్న మాట ఉంది చూడండి, మోడల్ చెప్పేదంతా అందులో ఉంది. ఇన్నాళ్ళూ మనం మందుని డాక్టరుకీ, తల్లికీ, బిడ్డకీ మధ్య వ్యవహారంగా చూశాం. పక్కన మంచం మీద నిద్రపోతున్న పిల్ల అందులో ఉందని లెక్కవేసేదాకా తెలియలేదు.

ఇదంతా కంప్యూటర్లోనే జరిగే సంగతా, నిజంగా జరుగుతుందా అని విద్యార్థులు అడుగుతారు. ఐస్‌లాండ్‌లో జరిగింది. చిన్న దేశం కాబట్టి మొదటి నుంచి చివరి దాకా స్పష్టంగా కనిపించింది. పెన్సిలిన్‌కి లొంగని న్యుమోకాకస్ అక్కడ మొదటిసారి 1988 డిసెంబరులో దొరికింది. 1993 నాటికి ఆ దేశంలో జబ్బు తెచ్చిన న్యుమోకాకస్‌లలో దాదాపు ఐదో వంతు లొంగనివే. అయిదేళ్ళలో ఇంత పెరుగుదల! కార్ల్ క్రిస్టిన్సన్, న్యూయార్క్‌లోని అలెగ్జాండర్ టొమాజ్ బృందం కలిసి పరీక్షిస్తే, వాటిలో ఎక్కువ భాగం 6బీ అనే ఒకే రకానికి చెందినవని, స్పెయిన్‌లో అప్పటికే తిరుగుతున్న వంశమేనని తేలింది. ఐస్‌లాండ్ వాసులు ఎండ కోసం సెలవుల్లో స్పెయిన్ వెళ్తారు. ఎవరి ముక్కులోనో అది వచ్చి ఉంటుంది, వచ్చినవారికి జబ్బు చెయ్యకపోయి ఉంటుంది. డే కేర్‌కి వెళ్ళే పిల్లలు ఎక్కువగా ఉన్న దేశం, యాంటీబయాటిక్స్ బాగా వాడే అలవాటు, ఈ రెండూ దానికి కలిసొచ్చాయి.

అప్పుడు డాక్టర్లు, పత్రికలు, ప్రభుత్వం కలిసి పిల్లలకి యాంటీబయాటిక్స్ తగ్గించాలని ప్రచారం చేశారు. వాడకం తగ్గింది. లొంగని రకాల వాటా కూడా 1993 తరవాత తగ్గడం మొదలుపెట్టింది. మందు తగ్గించడమే కారణమా, ఆ ఒక్క రకం మీద పిల్లల ఒంట్లో పెరిగిన రక్షణ శక్తి కూడా తోడైందా అన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఉంది. రెండూ కలిసే పనిచేశాయని నా అభిప్రాయం. పెరిగింది తగ్గగలదన్న సంగతి మాత్రం ఐస్‌లాండ్ ప్రపంచానికి చూపించింది, అది చిన్న సంగతి కాదు.

స్వీడన్ దక్షిణాన మాల్‌మోహూస్ ప్రాంతంలో 1995 జనవరి నుంచి ఇంకా కఠినమైన పని చేశారు. పెన్సిలిన్‌కి గట్టిగా ఎదురు నిలిచే న్యుమోకాకస్ ఒక పిల్లలో కనిపిస్తే, ఆ డే కేర్ గదిలో మిగతా పిల్లల ముక్కులు కూడా పరీక్షించేవారు. అది ఉన్నవాళ్ళని, ముక్కు శుభ్రమయ్యేదాకా కేంద్రానికి రావద్దనేవారు. ఒంట్లో బాగానే ఉన్న పిల్లని వారాల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడమన్నమాట. తల్లిదండ్రులకి ఆ రోజులకి ప్రభుత్వం భత్యం ఇచ్చేది. భత్యం లేని చోట ఇదే నియమం పెడితే అది పేద తల్లి మీద జరిమానా అవుతుంది, సిరప్ రహస్యంగా పోసే ఇళ్ళు పెరుగుతాయి. మోడల్ ఒక చర్య వల్ల వ్యాప్తి ఎంత తగ్గుతుందో చెప్పగలదు. ఆ తగ్గుదల ధర ఎవరు కడతారో చెప్పదు. అది మనమే అడగాలి. గణాంకశాస్త్రం చెప్పేవాళ్ళు ఇది విద్యార్థులకి మొదటి రోజే చెప్పాలని నేననుకుంటాను.

మోడల్స్‌కి ఇంకా అంతుచిక్కని సంగతులున్నాయి. సాదా లెక్క వేస్తే మందుకి లొంగేదో లొంగనిదో, రెంటిలో ఒకటే గెలవాలి. నిజం లోకంలో దశాబ్దాలుగా రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ముక్కులో ఎక్కువ కాలం ఉండే రకాలకే మందుని తట్టుకునే గుణం ఎక్కువ లాభం, తక్కువ కాలం ఉండేవాటికి ఆ గుణం మోసే ఖర్చు దండగ, అందుకే రెండూ ఉంటాయని సోన్యా లెహ్‌టినెన్ బృందం 2017లో చెప్పిన వివరణ నాకు నచ్చింది. ఎక్కువ రోజులు ఉండేది ఎక్కువ మందుల దెబ్బలు తింటుంది, సహజమే కదా.

టీకా కథ కూడా ముక్కులోనే నడుస్తుంది. అమెరికాలో 2000లో ఏడు రకాల మీద పనిచేసే టీకా వచ్చాక ఆ రకాలు పిల్లల ముక్కుల్లోంచి తగ్గాయి, టీకా వేయించుకోని పెద్దవాళ్ళలో కూడా జబ్బు తగ్గింది. ఖాళీ అయిన చోటుకి టీకాలో లేని 19ఏ అనే రకం పెరిగింది, అదీ చాలా మందులకి లొంగనిది. ఇలా జరగొచ్చని లిప్‌సిచ్ 1997లోనే మోడల్ ద్వారా చెప్పాడు. 2010లో వచ్చిన పదమూడు రకాల టీకాలో 19ఏని చేర్చారు. ముందుగా వేసిన లెక్క తరవాత వచ్చే మార్పుని గమనించడానికి కళ్ళు తెరిచి ఉంచింది. టీకా వద్దనడానికి ఇది కారణం కాదు. వేస్తూనే ముక్కులు చూస్తూ ఉండాలి.

అంటువ్యాధుల్ని లెక్కించే ఈ శాస్త్రానికి మన నేలతో ఉన్న సంబంధం తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మనకి బడిలో చెప్తారు. ఆ తరవాత చేసింది అంతగా చెప్పరు. ఆయన మారిషస్ వెళ్ళి అక్కడి వేలాది పిల్లల ప్లీహం వాచిందో లేదో పరీక్ష చేయించాడు. జ్వరంతో మంచం పట్టినవాళ్ళని కాదు, మామూలుగా తిరుగుతున్న పిల్లల్ని. ఆ లెక్క చేత్తో పట్టుకుని, దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే చాలు జబ్బు దానంతటదే వెనక్కి పోతుందని సమీకరణాలతో చూపించాడు. భారత వైద్య సేవలో పనిచేసిన మెకెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధుల గణితానికి పునాది వేసిన పత్రంలో బొంబాయి ప్లేగు లెక్కలున్నాయి. ఓస్లో డే కేర్‌కి వేసిన మోడల్ ఈ కుటుంబంలోదే. జబ్బు లేనట్టు కనిపించేవాళ్ళని లెక్కపెట్టడం కూడా అక్కడి నుంచే వస్తోంది.

లాన్సెట్ వైద్య పత్రికలో 2022లో వచ్చిన ప్రపంచ అంచనా ప్రకారం, 2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారు. ఆ మరణాలకి ఎక్కువగా కారణమైన ఆరు బ్యాక్టీరియాల్లో న్యుమోకాకస్ ఒకటి. మందు దొరక్క చనిపోయే పిల్లలు కూడా లక్షల్లోనే ఉన్నారన్నది ఇక్కడే చెప్పాలి. న్యుమోనియాతో ఎగశ్వాస పెడుతున్న బిడ్డకి అమాక్సిసిలిన్ ప్రాణం పోస్తుంది. ఆ మందు ఆ బిడ్డకి రేపు కూడా పనిచెయ్యాలి, అందుకే ఈ లెక్కలన్నీ.

ఓస్లో సంఖ్యలు మన అంగన్‌వాడీలకి సరిపోవు. ఇక్కడ గదులు వేరు, గదిలో పిల్లల సంఖ్య వేరు, ఇంట్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నానమ్మలూ ఒకే గదిలో పడుకుంటారు. బయటి వేగం, లోపలి వేగం అన్న విభజనే ఇక్కడ మారిపోవచ్చు. మందు షాపులో చీటీ లేకుండా దొరికే చోట 0.1 అన్న అడ్డం ఎన్నిసార్లు తొలగిపోతుందో ఆలోచించండి. డెస్క్‌టాప్ కంప్యూటర్, ఒక డాక్టరు, ఒక మైక్రోబయాలజీ ల్యాబు, గణాంకశాస్త్రం తెలిసిన ఇద్దరు విద్యార్థులు, పిల్లల పేర్లన్నీ నోటికి తెలిసిన అంగన్‌వాడీ టీచరు కలిస్తే మన మూడు సంఖ్యలు మనకి దొరుకుతాయి. ఈ పనికి రావలసినవాళ్ళు మన విశ్వవిద్యాలయాల్లోనూ వైద్య కళాశాలల్లోనూ ఉన్నారు. రమ్మని పిలుస్తున్నాను.

తల్లిదండ్రులకి ఒక మాట. న్యుమోకాకస్ టీకా మన దేశ ఉచిత టీకాల పట్టికలో 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలై 2021కి దేశమంతటా వచ్చింది. పీసీవీ అని రాసి ఉంటుంది. ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి మూడు డోసులు. బిడ్డ టీకా కార్డు తీసి మూడూ పడ్డాయో లేదో చూడండి. జలుబుకి యాంటీబయాటిక్ రాస్తే, ఇది అవసరమా డాక్టరుగారూ అని అడగండి. అవసరమని చెప్తే, చెప్పినన్ని రోజులూ వెయ్యండి. మిగిలిన సిరప్ ఇంకోసారికి దాచకండి.